పాత కారు డోర్ అద్దం పగిలిందా? కొత్తది కొనేముందు డోర్ ప్యాడ్ విప్పి చూడండి

మా బాబాయ్ దగ్గర 1978 నాటి ప్రీమియర్ పద్మిని ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో ఇంటి ముందే సీట్ల దాకా నీళ్ళలో నానింది. ఇంజను చూపించాం, బ్రేకులు చూపించాం, సీట్లు కొత్తవి కుట్టించాం, డోర్ల సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. తర్వాత వేసవిలో ఒకరోజు బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో ఆగి, గాలి కోసం హ్యాండిల్ తిప్పితే డ్రైవర్ వైపు అద్దం ధబ్బుమని డోర్ లోపలికి జారి గుండ అయిపోయింది. ఆటోనగర్‌లో ఒక షాపులో కొత్తది వేయించాం. వారం తిరక్కుండా అదీ పోయింది. రోగం ఒకటి, మందు ఒకటి అయింది మా పని. మూడో అద్దానికి నేనే కూర్చుని డోర్ విప్పాను, అప్పుడు తెలిసినవే ఇవి. అంబాసిడర్ ఉన్నవాళ్ళకి కూడా చాలావరకు పనికొస్తాయి.

ముందు విప్పడం. హ్యాండిల్ వెనకాల ఉన్న గుండ్రటి బిళ్ళని డోర్ ప్యాడ్ (డోర్‌కి లోపలి వైపు ఉండే అట్ట) వైపు గట్టిగా నొక్కితే లోపల చిన్న పిన్నో, క్లిప్పో కనిపిస్తుంది. పిన్ను అయితే సన్నటి మేకుతో నెట్టాలి. క్లిప్పు అయితే బిళ్ళ వెనక పాత గుడ్డ పెట్టి అటూ ఇటూ లాగితే ఊడొస్తుంది, ఎగిరి ఎక్కడో పడుతుంది కూడా, కాబట్టి ఇంకో చేయి అడ్డం పెట్టుకోండి. ప్యాడ్‌ని, పెయింటర్లు లప్పం రాసే రేకుకి గుడ్డ చుట్టి, క్లిప్పు ఉన్నచోటే లేపండి. ఎక్కడపడితే అక్కడ లాగితే నానిన అట్ట చిరుగుతుంది. అద్దం ఇంకా బతికే ఉంటే పైకి ఎత్తి ఫ్రేముకి టేపు వేసి కట్టేయండి, లేకపోతే మీ వేళ్ళ మీదే పడుతుంది.

అద్దం ఒక్కసారిగా లోపలికి పడిపోతే

అద్దం అడుగు అంచుని ఒక ఇనప పట్టీ పట్టుకుని ఉంటుంది, బాటమ్ ఛానల్ అంటారు. రెంటికీ మధ్య రబ్బరు పట్టీ ఉంటుంది. స్క్రూ లేదు, బోల్టు లేదు, ఆ రబ్బరు బిగువు మీదే అద్దం నిలబడుతుంది. నలభై ఏళ్ళకి రబ్బరు రాయిలా గట్టిపడుతుంది, ఛానల్ తుప్పు పట్టి నోరు తెరుస్తుంది. మా డోర్లో వరద బురద ఛానల్లోనే ఎండి గట్టి పెళ్ళలా ఉంది, గోటితో గీకితే పొరలు పొరలుగా లేచింది.

పరిష్కారం: ఛానల్ ఊడదీసి వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి ఆరనివ్వండి. తుప్పు తినేసి చిల్లులు పడితే కొత్తదే వేయాలి, వెల్డింగ్ పెట్టించొద్దు, వంకర పోతుంది. కొత్త రబ్బరు పట్టీని అద్దం అంచుకి తొడిగి, సబ్బునీళ్ళు రాసి, ఛానల్‌ని చెక్కముక్క అడ్డం పెట్టి మెల్లగా తట్టాలి. సుత్తి నేరుగా తగలకూడదు. గ్రీజు రాస్తే తేలిగ్గా దిగుతుంది నిజమే, అంతే తేలిగ్గా ఊడుతుంది కూడా. ఇంకో మాట, పాతది విప్పకముందే అద్దం వెనక అంచు నుంచి ఛానల్ ఎంత దూరంలో ఉందో స్కేలు పెట్టి కొలిచి రాసుకోండి. అది తేడా వస్తే అద్దం ఒక పక్కకి వాలి ఇరుక్కుంటుంది, మళ్ళీ అంతా విప్పాలి. నేను విప్పాను.

కొత్త అద్దం కొద్దిరోజులకే పగిలితే

మా రెండో అద్దం ఇదే బాపతు, కారణాలు రెండు దొరికాయి. ఒకటి, డోర్ లోపల అద్దాన్ని పైకీ కిందకీ నడిపే మిషన్ బిగించే స్క్రూ ఒకటి పొడుగుది వేశారు, దాని కొన అద్దానికి రాసుకుంటోంది. డోర్ వేసిన ప్రతిసారీ ఒక దెబ్బ. అద్దాన్ని మెల్లగా దింపుతూ లోపలికి టార్చి వేసి చూస్తే ఇది తెలిసిపోతుంది. రెండోది దీనికంటే పెద్దది. వాళ్ళు వేసింది ఫొటో ఫ్రేములకి కోసే మామూలు అద్దం. పగిలినప్పుడు బియ్యపు గింజల్లా కాకుండా కత్తుల్లాంటి పెంకులు వచ్చాయి. ఆ సమయంలో బాబాయ్ మోచేయి కిటికీ మీద లేదు కాబట్టి సరిపోయింది.

డోర్‌కి వేయాల్సింది టఫెన్డ్ గ్లాస్. అద్దాన్ని ముందే కొలతకి కోసి, అంచులు నూరి, 600 డిగ్రీల పైన వేడిచేసి ఒక్కసారిగా గాలితో చల్లారుస్తారు. అలా చేశాక దాన్ని కోయడం కుదరదు, కోస్తే మొత్తం గుండ అవుతుంది. కాబట్టి ఎవరైనా మీ కళ్ళ ముందే వజ్రం కలంతో గీసి కోసి 'ఇది టఫెన్డే సార్' అంటే నమ్మకండి. మూలలో చెరగని ముద్ర ఉంటుంది, అది అడిగి చూసుకోండి. పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలు ఉంటే పెట్టుకుని వాలుగా చూడండి, టఫెన్డ్ అద్దంలో మచ్చలో, చారలో కనిపిస్తాయి.

కంపెనీ అద్దం దొరక్కపోతే ఎదుటి వైపు డోర్ అద్దం తీసి నమూనా ఇవ్వండి. బల్ల మీద బోర్లా పెట్టి చూడండి, ఎక్కడా ఊగకుండా ఆనితే అది చదును అద్దం, అప్పుడు అదే నమూనా తిరగేస్తే ఇటు వైపు సరిపోతుంది. ప్లైవుడ్ మీద గీసి కోయించి, ఆ చెక్కని అద్దం జారే నిలువు ఛానళ్ళలో పైకీ కిందకీ ఆడించి చూశాకే ఆర్డర్ ఇవ్వండి. అద్దం వచ్చాక రెండు మిల్లీమీటర్లు నూరిద్దాం అంటే కుదరదు. మందం వెర్నియర్‌తో కొలవండి, 'అన్నిటికీ ఒకటేనండి' అనే మాట మీద వదిలేయకండి. ఆగలేని అవసరం అయితే లామినేటెడ్ అద్దం (రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉండేది) వేసుకోవచ్చు, దాన్ని కోయొచ్చు, కాకపోతే అంచు నుంచి తేమ ఎక్కి కొన్నాళ్ళకి తెల్లగా పొర లేస్తుంది.

బిగువుగా తిరగడం, సగంలో వంకరగా ఆగిపోవడం

ఎక్కువసార్లు తప్పు అద్దం జారే నిలువు ఛానళ్ళదే, లోపల నూగు ఉండేవి, షాపులో ఫెల్ట్ ఛానల్ అని అడగండి. దుమ్ము పట్టి, నానితే ఉబ్బి అద్దాన్ని పట్టేస్తుంది. చాలామంది ఇక్కడ ఇంజనాయిల్ పోస్తారు. రెండు రోజులు హాయిగా జారుతుంది, తర్వాత ఆ జిడ్డుకి మన ఊరి దుమ్మంతా అంటుకుని మునుపటికంటే అధ్వానం. నూగు అరిగితే మార్చేయండి, బాగుంటే బ్రష్‌తో దులిపి సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు మిషన్ పళ్ళకీ, రోలర్‌కీ మాత్రమే. ముందు డోర్లో మూలకి విడిగా చిన్న అద్దం, అదే క్వార్టర్ గ్లాస్ ఉంటే, ఆ మధ్య నిలువు పట్టీయే పెద్ద అద్దానికి ముందు ఛానల్. దాని స్క్రూలు వదులు చేసి అద్దాన్ని పైకీ కిందకీ నాలుగుసార్లు తిప్పి, సాఫీగా వచ్చిన చోట బిగించండి.

హ్యాండిల్ ఊరికే గిర్రున తిరిగితే ముందు హ్యాండిల్ లోపలి గాడులు అరిగాయేమో చూడండి, ఎదురు డోర్ హ్యాండిల్ తెచ్చి వేస్తే అర నిమిషంలో తేలిపోతుంది. అదీ తిరిగితే మిషన్ పళ్ళు పోయినట్టు, లేదా తీగ ఉండే మిషన్ అయితే తీగ తెగినట్టు.

వానకి కాళ్ళ దగ్గర తడి

అద్దం పక్క నుంచి డోర్ లోపలికి నీళ్ళు దిగడం తప్పు కాదు, దిగాలి. కింది అంచున ఉన్న చిల్లుల్లోంచి బయటికి పోవాలి, అవి పూడితేనే గొడవ. మా దాంట్లో స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే గ్లాసుడు బురదనీళ్ళు వచ్చాయి, వరద వచ్చి అప్పటికి ఎన్ని నెలలైందో చూడండి! ప్యాడ్ వెనక పాలిథీన్ షీట్ కూడా ఉండాలి, మెకానిక్కులు విప్పాక మళ్ళీ పెట్టరు. మందపాటి షీట్ కోసి జిగురు టేపుతో అంటించండి, కింది అంచు మాత్రం డోర్ లోపలికి పోయేలా ఉంచండి, లేకపోతే నీళ్ళు ప్యాడ్ అట్ట మీదకే వస్తాయి.

అద్దాలకి అంటించే నల్ల ఫిల్మ్ గురించి అడుగుతారు కాబట్టి: 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు రావాలి, ముందూ వెనకా 70. ఫిల్మ్ అంటించడాన్ని సుప్రీంకోర్టు 2012లో నిషేధించింది. కాస్త రంగు కావాలంటే అద్దంలోనే రంగు ఉన్నది, ఆ లెక్కకి లోబడింది ఆర్డర్ ఇచ్చుకోండి.

ప్యాడ్ మూసేముందు డోర్ అడుగున వాక్యూమ్ పెట్టండి, పగిలిన పాత అద్దం గింజలు అక్కడే ఉంటాయి. మేం పట్టించుకోలేదు. ఇప్పటికీ బ్యారేజీ మీద గతుకు వస్తే డోర్లోంచి గలగలమంటుంది, 'గజ్జెలు కట్టించావురా' అంటాడు బాబాయ్. వచ్చే ఆదివారం మళ్ళీ విప్పాలి.