కొత్త కళాకారుల కోసం వీడియోల్లో వెతకడం ఎలా

యూట్యూబ్ హోమ్ పేజీ ఎక్కువగా మీరు ఇదివరకు చూసినవాటికి చుట్టాలనే తెచ్చి చూపిస్తుంది. కొత్తవాళ్లు కావాలంటే పనిగట్టుకుని సెర్చ్ చెయ్యాలి. ముందు వాచ్ హిస్టరీ, సెర్చ్ హిస్టరీ రెండూ పాజ్ చెయ్యండి, లేదా ఇన్‌కాగ్నిటో విండో తెరవండి. లేకపోతే ఈ వెతుకులాటలో తగిలిన చెత్తంతా రేపటి సిఫారసుల్లో చేరుతుంది.

కిటుకంతా ఏ మాట కొట్టి వెతుకుతారన్న దాంట్లో ఉంది. 'అద్భుతమైన జగ్లింగ్' అని కొడితే నలుగురి వీడియోలు కత్తిరించి అతికించిన సంకలనాలు వచ్చిపడతాయి. అలాంటి విశేషణాలు ఎక్కువగా వాడేది సంకలనాలు చేసేవాళ్లే. బంతులు ఎగరేసేవాళ్లు తమలో తాము వాడుకునే మాట 'సైట్‌స్వాప్'. విసిరిన బంతిని ఎన్నో లెక్కకి మళ్లీ విసరాలో అంకెల్లో రాసుకునే పద్ధతి అది. 'సైట్‌స్వాప్ 441' అని ఇంగ్లీషులో వెతికితే సాధన చేసేవాళ్లు ఎదురవుతారు. (ఆ అంకెల సగటు 3, అంటే మూడు బంతుల ఆట.) ఏ విద్యకైనా ఇలాంటి లోపలి మాటలుంటాయి: ఒక భంగిమ పేరు, పనిముట్టులో ఒక భాగం పేరు. తెలియకపోతే ఆ విద్య నేర్పే వీడియో ఒకటి పెట్టి, డిస్క్రిప్షన్‌లో 'షో ట్రాన్‌స్క్రిప్ట్' కనిపిస్తే నొక్కి, పదేపదే వచ్చే మాటలు ఏరుకోండి. అది చాలాసార్లు యంత్రం రాసిందే కాబట్టి అరుదైన పదాలు వంకరగా పడతాయి. స్పెల్లింగ్ సరిచూసుకున్నాకే వెతకండి.

పాతవాటి కోసం తేదీ వాడండి. మాట పక్కన ఇంగ్లీషులో బిఫోర్ అని టైప్ చేసి, కోలన్ పెట్టి, 2010-01-01 అని రాస్తే అంతకుముందు అప్‌లోడైనవి వస్తాయి. కోలన్‌కి అటూ ఇటూ ఖాళీ వదిలితే పనిచెయ్యదు. ఆ తేదీ తరవాతివి కావాలంటే బిఫోర్ బదులు ఆఫ్టర్.

వీడియో నచ్చింది సరే, పెట్టినవాళ్లే చేసినవాళ్లా? కళాకారుడి మొహం, వెనక గోడ స్పష్టంగా ఉన్న చోట ఆపి స్క్రీన్‌షాట్ తీసి, బొమ్మతో వెతికే గూగుల్ లెన్స్‌లో వెయ్యండి. ఏమీ దొరక్కపోతే చొక్కా మీది అక్షరాలు చూడండి. తిరగబడి ఉంటే ఎవరో వీడియోని అద్దంలో బొమ్మలా తిప్పి పెట్టి ఉండొచ్చు. కాపీలు పట్టే వ్యవస్థకి దొరక్కుండా కొందరు చేసే పని ఇది. స్క్రీన్‌షాట్‌లో కుడిఎడమలు మళ్లీ తారుమారు చేసి వెతకండి. రెండు ప్రతులు దొరికితే, ఫ్రేములో అంచులు ఎక్కువ కనిపించేది, కోతలు లేకుండా నిడివి ఎక్కువున్నది మూలానికి దగ్గర. ముందు తేదీ ఉన్నంత మాత్రాన అదే అసలుదని నమ్మొద్దు. కళాకారులు చాలాసార్లు వేరే చోట పెట్టి, ఇక్కడికి ఆలస్యంగా వస్తారు.

అసలు ఛానల్ దొరికాక వీడియోల ట్యాబ్‌లో 'ఓల్డెస్ట్' నొక్కండి. 'పాపులర్' జనానికి నచ్చినవి చూపిస్తుంది, ఆలోచన ఎక్కడ మొదలైందో పాతవాటిలోనే కనబడుతుంది. డిస్క్రిప్షన్‌లో కెమెరా, సంగీతం, తోడు ప్రదర్శకుల పేర్లు ఉంటే ఒక్కొక్కటే వెతకండి. ఆ కళాకారులు తాము చూడ్డానికి కూర్చుకున్న ప్లేలిస్టులు బయటికి కనిపిస్తుంటే ముందు వాటిని తెరవండి. సంకలనాల్లో తగలని పేర్లు అక్కడుంటాయి.