వేరే గదిలో ఉన్న కంప్యూటర్ వేడిని, ఫ్యాన్ల వేగాన్ని ఫోన్‌లో చూడటం ఎలా?

పక్కనే కూర్చుని పనిచేస్తుంటే ఫ్యాన్ హోరు పెరిగిన సంగతి చెవికే తెలుస్తుంది. రాత్రంతా వీడియో రెండర్ చేయడానికో, ఫైల్ సర్వర్‌గానో వేరే గదిలో వదిలేసిన కంప్యూటర్ సంగతి అలా తెలియదు. ప్రాసెసర్ మరీ వేడెక్కితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే మెషీన్ ఆగిపోతుంది, పని సగంలో మిగిలిపోతుంది. నిజానికి ప్రాసెసర్‌లో, మదర్‌బోర్డు మీద సెన్సర్లు ముందే ఉన్నాయి. వాటి రీడింగులు మన దగ్గరికి వచ్చేలా చేసుకుంటే చాలు. ముందు విండోస్ సంగతి చూద్దాం.

మొదట చేయాల్సింది: లిబ్రే హార్డ్‌వేర్ మానిటర్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌ను దాని గిట్‌హబ్ పేజీ నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి. కొత్త వెర్షనే తీసుకోండి. పాత వెర్షన్లు వాడిన విన్‌రింగ్0 అనే డ్రైవర్‌లో భద్రతా లోపం ఉంది, విండోస్ డిఫెండర్ దాన్ని పట్టుకుంటుంది. ప్రోగ్రామ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయాలి, లేకపోతే చాలా సెన్సర్లు కనిపించవు.

తర్వాత ఏ ఫ్యాన్ ఏదో గుర్తుపట్టండి. చాలామంది వదిలేసే పని ఇదే. ప్రోగ్రామ్ పట్టికలో మదర్‌బోర్డు పేరు కింద కనిపించే ఫ్యాన్లకు చాలావరకు ఒకటి, రెండు అని నంబర్లే ఉంటాయి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్‌లో) హార్డ్‌వేర్ మానిటర్ పేజీ తెరిస్తే సీపీయూ ఫ్యాన్ ఎంత వేగంతో తిరుగుతోందో పేరుతో సహా ఉంటుంది. దాన్ని బట్టి పోల్చుకుని, ప్రోగ్రామ్‌లో ఆ లైన్ మీద రైట్ క్లిక్ చేసి పేరు మార్చండి. ఫోన్‌లో చూసేటప్పుడు వెతుకులాట ఉండదు.

ఇప్పుడు ఆప్షన్స్ మెనూలో రిమోట్ వెబ్ సర్వర్‌కి వెళ్లి రన్ నొక్కండి. మామూలుగా ఇది 8085 పోర్టు (నెట్‌వర్క్‌లో ఆ ప్రోగ్రామ్‌ను చేరుకునే నంబరు) మీద నడుస్తుంది. విండోస్‌తో పాటే మొదలయ్యే ఆప్షన్ కూడా అక్కడే ఉంది, దాన్ని టిక్ చేయండి. ఆ తర్వాత విండోస్ ఫైర్‌వాల్‌లో 8085 టీసీపీ పోర్టుకు ఇన్‌బౌండ్ రూల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అనుమతించే నియమం) పెట్టండి, ప్రైవేట్ నెట్‌వర్క్‌కు మాత్రమే. రౌటర్ సెట్టింగ్స్‌లో ఈ కంప్యూటర్‌కు ఒకే ఐపీ అడ్రస్ ఎప్పుడూ ఉండేలా రిజర్వ్ చేయండి. కంప్యూటర్ స్లీప్‌లోకి వెళితే పేజీ తెరుచుకోదు కాబట్టి స్లీప్ సెట్టింగ్‌నూ ఆపేయండి.

ఫోన్ అదే వైఫైలో ఉండగా బ్రౌజర్‌లో ఆ ఐపీ అడ్రస్, కోలన్, 8085 టైప్ చేస్తే సెన్సర్ల పట్టిక వస్తుంది. రాకపోతే అడ్రస్‌కు ముందు http:// అని మీరే రాయండి. కొన్ని బ్రౌజర్లు వాటంతట అవే హెచ్‌టీటీపీఎస్‌కు మార్చేస్తాయి.

లైనక్స్‌లో పని ఇంకా సులువు. ఎల్ఎం-సెన్సార్స్ ప్యాకేజీ వేసుకుని, సెన్సార్స్-డిటెక్ట్ ఒకసారి నడిపి, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు ఇచ్చే సురక్షిత మార్గం) ద్వారా లాగిన్ అయి సెన్సార్స్ కమాండ్ ఇస్తే సరి. సర్వర్ మెషీన్లలో ఐపీఎంఐ (మెషీన్‌ను దూరం నుంచి గమనించే విడి వ్యవస్థ) ఉంటే ఇవేవీ అక్కర్లేదు, ఆపరేటింగ్ సిస్టమ్ ఆగిపోయినా రీడింగులు వస్తాయి.

అసలు సంగతి ఆ అంకెలను చదవడంలో ఉంది. వేడి ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది, దాని పక్కనే ఫ్యాన్ వేగం చూడాలి. వేడి పెరిగి ఫ్యాన్ కూడా వేగం పెంచిందంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతున్నా వేడి దిగకపోతే హీట్‌సింక్‌లో (ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు రేకుల్లో) దుమ్ము పేరుకుందా, ప్రాసెసర్‌కూ దానికీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిందా అని చూడాలి. వేడి పెరుగుతుంటే ఫ్యాన్ వేగం పడిపోతోందా? ఫ్యాన్ చెడిపోతోందేమోనని అనుమానించండి, పని ఆపేయండి. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ సున్నా చూపిస్తే మాత్రం వెంటనే టెన్షన్ పడకండి. చాలా కార్డులు పని లేనప్పుడు ఫ్యాన్‌ను కావాలనే ఆపేస్తాయి.

ఎంత వేడి ఎక్కువ అన్నది ప్రాసెసర్‌ను బట్టి ఉంటుంది. రైజెన్ 7000 డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటిని బరువు పనుల్లో 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే తయారుచేశారు. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకు హద్దు 100 దగ్గర ఉంటుంది. అందుకే అంతా బాగున్న రోజున, ఖాళీగా ఉన్నప్పుడూ బరువు పని చేస్తున్నప్పుడూ మీ మెషీన్ రీడింగులు రాసిపెట్టుకోండి. గది వేడి కూడా రాయండి, అది పెరిగితే లోపలి వేడీ పెరుగుతుంది. అదే పనికి అదే గది వేడిలో 10 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే, హద్దు దాటకపోయినా మూత తీసి చూడాల్సిందే.

ఇంటి బయటి నుంచి చూడాలనుకుంటే రౌటర్‌లో 8085 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవకండి. ఈ విషయంలో మాత్రం రాజీ వద్దు, ఆ పేజీ మొత్తం ప్రపంచానికి కనబడుతుంది. వైర్‌గార్డ్ గానీ టెయిల్‌స్కేల్ గానీ లాంటి వీపీఎన్ (ఇంటర్నెట్ మీద రహస్య దారి కల్పించే ప్రోగ్రామ్) కంప్యూటర్‌లో, ఫోన్‌లో పెట్టుకుంటే ఎక్కడి నుంచైనా మీ సొంత నెట్‌వర్క్‌లో ఉన్నట్టే పేజీ తెరుచుకుంటుంది.

రోజంతా పేజీ చూస్తూ కూర్చోలేం కాబట్టి అలర్ట్ కూడా కావాలి. ఇదే సర్వర్ రీడింగులను జేసన్ రూపంలో (వేరే ప్రోగ్రామ్‌లు చదవగలిగే రాత పద్ధతిలో) కూడా ఇస్తుంది. ఇంట్లోని పరికరాలను ఒకచోట నుంచి నడిపే హోమ్ అసిస్టెంట్ లాంటి ప్రోగ్రామ్‌లు వాటిని చదివి ఫోన్‌కు నోటిఫికేషన్ పంపగలవు. వేడి ఒక్క క్షణం ఎగబాకినప్పుడల్లా కాకుండా, అయిదు నిమిషాల పాటు దిగకుండా ఉంటేనే మోగేలా పెట్టండి. సీపీయూ ఫ్యాన్ సున్నాకు పడితే మాత్రం ఆలస్యం లేకుండా మోగేలా ఇంకొకటి విడిగా పెట్టండి.