ప్రొపెల్లర్ షాఫ్ట్ బేరింగ్ అరిగిందో లేదో చేత్తోనే చూసుకోండి

ఇంజిన్ ఉన్న తెరచాప పడవైనా, భవానీ ద్వీపం వైపు తిరిగే మామూలు పడవైనా, స్పీడు పెంచగానే కాళ్ల కింద గడగడమని వణుకు వస్తే ముందు షాఫ్ట్‌ని, అంటే ఇంజిన్ నుంచి ప్రొపెల్లర్‌ని తిప్పే కడ్డీని, పట్టి ఉంచే ఈ బేరింగ్‌నే అనుమానించండి. ఇత్తడి గొట్టం, లోపల గాళ్లున్న రబ్బరు, అంతే. ఆ గాళ్లలోంచి పారే నీళ్లే దానికి నూనె, కాబట్టి ఇసుక కలిసిన కృష్ణ నీళ్లలో తిరిగితే అరుగుదల ఎక్కువే.

పడవ ఒడ్డుకెక్కాక, ఇంజిన్ ఆపి తాళం జేబులో వేసుకుని, ప్రొపెల్లర్ పక్కనే షాఫ్ట్‌ని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందకీ, తర్వాత పక్కలకీ గట్టిగా ఊపండి. షాఫ్ట్‌కీ బేరింగ్‌కీ మధ్య కాస్త ఆట, అంటే వదులు, ఉండాలి, లేకపోతే నీళ్లు వెళ్లవు. 25 మి.మీ. షాఫ్ట్‌కి ఆట 1.5 మి.మీ. దాకా వచ్చిందంటే ఇక మార్చేయడమే. కంటి అంచనాను నమ్మకండి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు) పెట్టి చూడండి.

సందు ఒక పక్కే ఎక్కువగా ఉంటే మాత్రం ఆగండి. ఇంజిన్ లైన్ తప్పి, అంటే షాఫ్ట్‌తో ఒకే వరుసలో లేకుండా, ఉండొచ్చు, మౌంట్లు (ఇంజిన్ కూర్చునే దిమ్మలు) కుంగి ఉండొచ్చు, షాఫ్ట్ వంగి ఉండొచ్చు. అది సరిచేయకుండా కొత్త బేరింగ్ వేస్తే అదీ అలాగే పోతుంది, డబ్బు దండగ. వంపు మీద అనుమానముంటే షాఫ్ట్ విప్పి ఆటోనగర్‌లో లేత్ మీద తిప్పించండి. ఇంజిన్ లైన్ మాత్రం పడవ నీళ్లలోకి దిగాకే చూడాలి, ఒడ్డున పడవ ఒళ్లు కొంచెం వంగుతుంది.

కొత్తది ఎక్కించేటప్పుడు గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. సబ్బు నీళ్లు చాలు.