కూల్చిన పెళ్లలూ కొట్టిన కొమ్మలూ ఒకే కుప్పగా వేయకండి

పాత ఇల్లు కూల్చిన చోట కొమ్మలను, మిగిలిపోయిన డబ్బాలను ఒకచోట పోసి నిప్పు పెట్టగా, స్ప్రే డబ్బా పేలి పనివాడి ముఖం కాలిందన్న కబురు ఈ మధ్య విన్నాను. వర్షాలు రాకముందే ఇల్లూ పెరడూ ఖాళీ చేయించాలనుకునేవారికి ఈ జాగ్రత్తలు చెప్పక తప్పదు. చేతి తొడుగులు, గట్టి బూట్లు ఎలాగూ అందరికీ తెలిసినవే. నేను చూసినంతలో మనుషులను ఎక్కువగా దెబ్బతీసిన పొరపాటు ఒక్కటే: నిర్మాణ వ్యర్థాలనూ తోట చెత్తనూ ఒకే కుప్పగా వేయడం.

విడిగా ఉంటే ఆకులు ఎరువవుతాయి, ఇటుక ముక్కలు గుంతలు పూడ్చడానికి పనికొస్తాయి. కలిస్తే రెండూ పాడవుతాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటుంది. సీలింగుకు వాడిన జిప్సం పలకలు తడి ఆకులతో కలిసి గాలి ఆడని గుంతలో మగ్గితే, సూక్ష్మజీవులు వాటిలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుగా మారుస్తాయి. మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది కానీ, మోతాదు పెరిగేకొద్దీ ముక్కు మొద్దుబారి ఆ వాసన తెలియకుండా పోతుంది. వాసన పోయింది కదా అని గుంతలోకి దిగకూడదు.

పాత సిమెంటు రేకుల సంగతి మరీ ముఖ్యం. విరిగిన అంచును గమనిస్తే ఒక్కోసారి సన్నటి పీచు బయటికి పొడుచుకుని కనిపిస్తుంది; అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. పీచు కనబడకపోయినా లేదనుకోవద్దు. దాని ధూళి పీల్చినవారికి జబ్బు బయటపడటానికి సాధారణంగా 20 నుంచి 40 ఏళ్లు పడుతుంది కాబట్టి, ఈరోజు దగ్గు రాలేదన్న ధీమా పనికిరాదు. ఆ పనిలో అనుభవం ఉన్నవారిని పిలిపించి, రేకులను నీటితో తడిపి, పగలగొట్టకుండా దించి, మందపాటి ప్లాస్టిక్ షీటులో రెండు పొరలుగా చుట్టించి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటికే పంపించండి. కొమ్మలతో కలిపి ఒకే బండిలో ఎక్కించవద్దు.

కుప్ప కలిసిపోయిన తరువాత చాలామందికి తోచే ఉపాయం నిప్పు పెట్టడం. పీవీసీ పైపులు కాలితే ఊపిరితిత్తులను కొరికే ఆమ్ల వాయువు వస్తుంది. చెదలు పట్టకుండా రసాయనం ఎక్కించిన పాత కలప బూడిదలో ఆర్సెనిక్ అనే విషం మిగలవచ్చు. ఆ బూడిదనే ఎరువని కూరపాదులకు చల్లేవారున్నారు. గన్నేరు కొమ్మల పొగ కూడా విషమే. అందుకే మళ్లీ చెబుతున్నాను: ఒకే కుప్ప వేయకండి, వేసిన కుప్పను కాల్చకండి.

బరువును కంటితో అంచనా వేయవద్దు. ఇళ్ల స్లాబును సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 200 కిలోల అదనపు బరువు మోసేలా కడతారు. అడుగు ఎత్తున పోసిన కాంక్రీటు పెళ్లలు చదరపు మీటరుకు 400 కిలోలు దాటుతాయి. మేడ మీద గోడ పగలగొడితే, ఏ రోజు పెళ్లలను ఆ రోజే దించాలి.

మిగతావి వరుసగా చెబుతున్నాను.

పొడి ధూళిని చీపురుతో ఊడ్చవద్దు, తడిపి ఎత్తండి. కాంక్రీటు ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో శాశ్వతంగా నిలిచిపోతుంది.

సిమెంటు కడిగిన నీళ్లను కాలువలోకి వదలవద్దు.

మేకులున్న చెక్కను మేకు పీకకుండా పక్కన పెట్టవద్దు.

కొమ్మలు ముక్కలు చేసే యంత్రంలోకి చేయి పెట్టవద్దు, యంత్రం ఆగిపోయినా సరే. ముందు ఇంజను ఆపండి, విద్యుత్ యంత్రమైతే ప్లగ్గు పీకండి.

పచ్చి గడ్డిని పెద్ద కుప్పగా గోడకు ఆనించి రోజుల తరబడి ఉంచవద్దు. లోపల వేడి పుట్టి 60 డిగ్రీలు దాటుతుంది, కొన్నిసార్లు తనంతట తానే అంటుకుంటుంది.

లిన్సీడ్ (అవిసె గింజల) నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పారేయవద్దు, అవీ వాటంతటవే అంటుకుంటాయి. విడదీసి ఆరుబయట పరిచి పూర్తిగా ఆరనివ్వండి.

బండిపై టార్పాలిన్ కట్టకుండా కదలనివ్వవద్దు.

చెత్త ఎక్కడ దించుతాడో చెప్పని బండివాడికి పని అప్పగించవద్దు. దించాక రసీదు తీసుకునే డబ్బివ్వండి.