ఎండకు చావదు, నీళ్లకు చస్తుంది: చెలక (ఎర్రమట్టి) నేలలో రోజ్‌మేరీ పెంచడం ఎలా?

మా నల్లగొండలో ఏ మొక్క చచ్చినా ముందు వినబడే మాట "ఎండ దెబ్బ తగిలింది". రోజ్‌మేరీ విషయంలో ఆ మాట చాలావరకు తప్పు. నా మొదటి మొక్క మే నెలంతా నిక్షేపంగా ఉండి, ఆగస్టులో ముసురు పట్టిన వారంలో పోయింది. ఆకుల కొసలు గోధుమరంగుకు తిరుగుతుంటే ఎండిపోతోందేమోనని టెన్షన్ పడి, రోజూ ఇంకో చెంబు పోశాను. చివరికి కుండీ బోర్లించి చూస్తే వేర్లు నల్లగా ఉన్నాయి. పట్టుకుంటే పైపొర వేళ్లకే ఊడొచ్చింది, మోరీ వాసన కొట్టింది. నీళ్లు ఎక్కువైన మొక్క, నీళ్లు అందని మొక్క పైకి ఒకేలా వాడిపోతాయి. తేడా తెలియాలంటే మట్టిలో వేలు పెట్టాల్సిందే.

ఇది మధ్యధరా సముద్రం చుట్టూ ఉండే రాతి గుట్టల మీద పుట్టిన పొద. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలం చినుకు ఉండదు. మన దగ్గర లెక్క తలకిందులు. వాన చాలావరకు జూన్ నుంచి సెప్టెంబర్ లోపే, అదీ ఉక్కతో కలిసి వస్తుంది. అందుకని ఇక్కడ రోజ్‌మేరీ పెంచడమంటే ఆ నాలుగు నెలలు దాని వేర్ల దగ్గర నీళ్లు నిలవకుండా చూడటమే. మిగతా పని తేలిక.

ఒక ఆకు తెంపి తిరగేసి చూడండి. చూడ్డానికి సరుగుడు కొమ్మలా ఉంటుంది గానీ, ఆకు అంచులు రెండూ కిందికి మడిచి కుట్టినట్టుంటాయి, లోపల తెల్లటి నూగు. ఆకు గాలి పీల్చే రంధ్రాలు ఆ నూగు చాటునే ఉంటాయి కాబట్టి తేమ తొందరగా ఆవిరైపోదు. నలిపితే కర్పూరం, నీలగిరి తైలం కలిసిన వాసన. తులసి, పుదీనా కుటుంబంలోదే. ఆ చుట్టరికం చూసి, పొద్దున్నే తులసికోటలో నీళ్లు పోస్తూ దీనికీ ఓ చెంబు పోసేవాళ్లున్నారు. మొక్క పోవడానికి అది చాలు.

మొక్క ఎంచుకోవడం

విత్తనాల జోలికి వెళ్లొద్దు. పది గింజలు వేస్తే మొలిచేవి కొన్నే, అవీ చాలా నెమ్మదిగా పెరుగుతాయి. నర్సరీలో జానెడు ఎత్తున్న మొక్క కొనండి. లేబుల్ మీద రోస్మరినస్ అని ఉన్నా, సాల్వియా అని ఉన్నా ఒకటే మొక్క. 2017లో శాస్త్రవేత్తలు దీన్ని సాల్వియా జాతిలో కలిపారు, పాత పేరు ఇంకా చాలా చోట్ల నడుస్తోంది.

నర్సరీ మొక్క వేర్ల చుట్టూ సాధారణంగా కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఉంటుంది. అది స్పాంజిలా నీళ్లు పట్టుకుంటుంది. చుట్టూ ఎంత మంచి మట్టి పోసినా నడుమ ఆ తడి ముద్ద అలాగే ఉండిపోతుంది. అందుకే నాటే ముందు వేర్లను నీళ్ల బకెట్లో కాసేపు ఉంచి, మెత్తబడ్డ కోకోపీట్‌ను వేళ్లతో వచ్చినంత మేరకు విదిలించండి. కొన్ని సన్నవేర్లు తెగుతాయి, ఫరవాలేదు.

ఎప్పుడు, ఎక్కడ

మనకు మొక్క పెట్టడమంటే మృగశిర రాగానే గుంత తీయడం అలవాటు. రోజ్‌మేరీకి ఆ అలవాటు మానుకోండి. చిత్త, స్వాతి కార్తెలు, అంటే అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ మొదటివారం వరకు మంచి అదను. వానలు వెనక్కి పోయి చలి మొదలవుతుంది. వేసవి వచ్చేసరికి వేర్లకు అయిదారు నెలల గడువు దొరుకుతుంది.

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. నీడలో కొమ్మలు సన్నగా సాగిపోయి వాసన తగ్గుతుంది. అయితే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఒంటిగంట దాటాక కొట్టే ఎండ వేరు. గోడకు తూర్పు పక్కన పెడితే ఆ గంటల్లో నీడ పడుతుంది. పడమర పక్క మునగ చెట్టు ఉంటే ఇంకా మంచిది, దాని నీడ పలచగా ఉంటుంది.

నేల తయారీ

గడ్డపారతో అడుగున్నర గుంత తీసి నిండా నీళ్లు పోయండి. ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు రెండు గంటల్లో ఇంకిపోతే అక్కడే నాటొచ్చు. పైన ఎర్రమట్టి ఉండి కింద గట్టి మొరం తగిలే చోట్ల చాలాసార్లు నీళ్లు అలాగే నిలబడతాయి. అది గుంత కాదు, గిన్నె. అలాంటి చోట నేల మీదే అడుగు ఎత్తున, మూడడుగుల వెడల్పున దిబ్బ పోయండి. రెండు తట్టల ఎర్రమట్టికి ఒకటిన్నర తట్ట గరుసు ఇసుక, అర తట్ట బాగా మాగిన పశువుల పెంట. ఎరువు ఇంతకంటే ఎక్కువ వద్దు. బలం ఎక్కువైతే కొమ్మలు మెత్తగా పెరిగి తెగుళ్లకు చిక్కుతాయి.

నల్లరేగడి అయితే నేలలో పెట్టనే వద్దు. వానకు ఉబ్బి, ఎండకు పగిలే మట్టి ఇది. రాళ్లు పేర్చి మోకాలెత్తు కట్ట కట్టుకోండి, లేదా కుండీలో పెంచండి. పాలమూరు వైపు దొడ్లో పలుగురాళ్లు దండిగా ఉంటే ఏరి పారేయకండి, కట్టకు అవే పనికొస్తాయి.

మొక్కల మధ్య మూడడుగుల దూరం. మొక్క మొదలు చుట్టూ గడ్డి, ఆకులు పరవకుండా చిన్న కంకర పోయండి. గడ్డి తేమ పడితే కాండం మొదట్లోనే కుళ్లుతుంది.

కుండీ అయితే పన్నెండు అంగుళాల మట్టిది. ప్లాస్టిక్‌ది చవకే, కానీ మట్టి కుండీ పక్కల నుంచి కూడా ఆరుతుంది. కింద ప్లేటు పెట్టొద్దు, మూడు ఇటుక ముక్కల మీద నిలబెట్టండి. వానాకాలం నీళ్లు జారిపోతాయి, ఎండాకాలం స్లాబు వేడి వేర్లకు తగలదు. మిద్దె మీద ఈ ఇటుకల వల్ల ఎన్ని మొక్కలు బతుకుతాయో చెప్పలేను.

నీళ్లు

నాటిన నెలరోజులు మూడు నాలుగు రోజులకోసారి. తర్వాత రెండంగుళాల లోతుకు వేలు దించి, తడి తగలకపోతేనే పోయాలి. పోసినప్పుడు మాత్రం బాగా తడిసేలా పోయండి. నేలలో కుదురుకున్న మొక్కకు చలికాలంలో పది రోజులకోసారి, నడి వేసవిలో వారానికోసారి చాలు. కుండీకి మే నెలలో రోజు విడిచి రోజు కావాలి, రోహిణి కార్తెలో ఒక్కోసారి రోజూ.

నల్లగొండ బోరు నీళ్లలో సున్నం, ఉప్పు సంగతి కొత్తగా చెప్పేదేముంది. రోజ్‌మేరీ కాస్త సున్నం నీళ్లను తట్టుకుంటుంది, కానీ కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే ఉప్పు పేరుకుంటోందన్నమాట. తొలకరికి ఒక మంచి వాన పడనిచ్చి, నీళ్లు కింది నుంచి బాగా కారాక చూరు కిందికి జరపండి.

వానాకాలం ముందు

మే చివర్లో నేలకు ఆనే కొమ్మలు తీసేయండి. లోపల గుబురుగా ఉన్నచోట గాలి ఆడేలా పలచన చేయండి. దిబ్బ చుట్టూ నీళ్లు పోవడానికి చిన్న కాలువ తీయండి. ముసురు రోజుల్లో కుండీలను సజ్జ కిందికి చేర్చండి, అక్కడా పగటి వెలుగు పడాలి.

ఎండల్లో ఆకుల మీద లేత చుక్కలు, కొసల్లో సన్నటి గూడు కనిపిస్తే అది ఎర్రనల్లి పురుగు. పొద్దున ఆకుల అడుగున పైపుతో గట్టిగా నీళ్లు కొట్టండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం చల్లండి. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది.

కోత, కొత్త మొక్కలు

మొదటి ఏడాది కొసలు గిల్లడం తప్ప పెద్దగా కోయొద్దు. తర్వాత ఒక్కసారికి మూడోవంతుకు మించకుండా, ఎప్పుడూ పచ్చ ఆకులున్న చోటే కత్తెర వేయండి. ఆకు లేని ముదురు చెక్క దాకా నరికితే అక్కడి నుంచి మళ్లీ చిగురు రావడం అరుదు. గోరింటాకు చెట్టులా దీన్ని మోడు చేయలేం.

కోసిన కొమ్మలను నీడలో పేపరు మీద పరిస్తే వారం, పది రోజుల్లో ఆరతాయి. ఆలుగడ్డ వేపుడులో, మేక మాంసం ఉడికేటప్పుడు ఒక్క రెమ్మ చాలు, రెండు వేస్తే కూర మందు వాసన కొడుతుంది. మా పక్కింటి వదిన మాత్రం తలనూనెలో వేసుకోవడానికే అడుగుతుంది. "జుట్టు వస్తదా?" అంటే నేను మొక్క సంగతే చెబుతాను, జుట్టు సంగతి కాదు.

అలా అడిగేవాళ్లు పెరిగితే డిసెంబర్‌లో నాలుగంగుళాల లేత కొసలు తుంచి, కింది సగం ఆకులు దూసి, తడి ఇసుకలో గుచ్చి నీడన పెట్టండి. నాలుగు నుంచి ఆరు వారాల్లో వేర్లు వస్తాయి. ఇంకా సులువైనది, కింద వాలిన కొమ్మ ఒకటి వంచి, మట్టి కప్పి, మీద ఒక రాయి పెట్టడం. రెండు మూడు నెలలయ్యాక రాయి తీసి కొమ్మను మెల్లగా లాగండి. కదలకుండా పట్టుకుని ఉంటే వేర్లు వేసినట్టే, తల్లి మొక్క వైపు కోసి వదినకు ఇచ్చేయొచ్చు.