ముందు కౌంటర్ లోపలి కుర్చీ చూడండి

జనన ధ్రువపత్రాల కౌంటర్‌లో నేను ఆరేళ్లు కూర్చున్నాను. నా కుర్చీకి ఒక కాలు పొట్టి. పాత రిజిస్టర్ అట్ట మడిచి దాని కింద పెట్టేవాణ్ని, మధ్యాహ్నానికల్లా జారిపోయేది. కొత్త కుర్చీ కోసం మూడుసార్లు రాసిచ్చాను, జవాబు లేదు. నడుం నొప్పితో ఆ మధ్యాహ్నాల్లో జనంతో మాట్లాడిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఒక పెద్దావిడ మనవడి పేరులో ఒక్క అక్షరం దిద్దించుకోడానికి నాలుగోసారి వస్తే, "మళ్లీ వచ్చారా?" అన్నాను. ఆవిడ కాగితం అప్పటికి వారం రోజులుగా పైగదిలో సంతకం కోసం పడుంది.

తర్వాత సిబ్బంది వ్యవహారాలు చూసే సెక్షన్‌కి మారాను, చివరి ఏళ్లు మేనేజరుగా చేసి రిటైరయ్యాను. పురపాలక సంఘంలోనో పంచాయతీలోనో కొత్తగా బాధ్యత తీసుకున్నవాళ్లు, జనానికి పనులు త్వరగా కావాలంటే ఏం చేయాలని అప్పుడప్పుడు సలహా అడుగుతుంటారు. చాలామంది మనసులో అప్పటికే ఒక యాప్ ఉంటుంది. యాప్ ఎక్కడికీ పోదు, ముందు ఒక రోజు ఖాళీ చేసుకోండి అంటాను.

ఆ రోజంతా కౌంటర్‌లో గుమాస్తా పక్కన కూర్చోండి. తనిఖీకి వచ్చినట్టు వెళ్తే ఏమీ కనపడదు. "నీ తప్పులు వెతకడానికి రాలేదమ్మా, నీకేం అడ్డమొస్తోందో చూద్దామని" అని ముందే చెప్పండి. నోట్‌బుక్‌లో ఒక్కటే రాసుకోండి: ఆ మనిషి ఎన్నిసార్లు కుర్చీలోంచి లేచింది, ఎందుకు లేచింది. నేను మేనేజరయ్యాక ఇలా కూర్చుంటే, భోజనం వేళకి మా గుమాస్తా పద్నాలుగుసార్లు లేచింది. అందులో తొమ్మిదిసార్లు ప్రింట్ తెచ్చుకోడానికి. ప్రింటర్ పక్క గదిలో ఉంది. అక్కడెందుకు పెట్టారో చెప్పగలిగినవాళ్లు ఆఫీసులో ఎవరూ లేరు. పొడవాటి వైరొకటి తెప్పించి, సాయంత్రానికి దాన్ని ఆమె చేతికందేలా పెట్టాం. మర్నాడు క్యూ కదిలిన వేగం చూసి నవ్వూ కోపమూ కలిసొచ్చాయి. మూడేళ్లుగా నేను రోజూ ఆ ప్రింటర్ పక్కనుంచే నడుస్తున్నాను మరి.

రెండో పని, ఫైలు వెంట నడవడం. ఒక మామూలు దరఖాస్తుకి చీటీ పిన్ చేయండి. ఏ బల్ల మీదికి ఎప్పుడొచ్చింది, ఎప్పుడు చేతిలోకి తీసుకున్నారు, ఎప్పుడు పంపారు అని ప్రతివాళ్లనీ రాయమనండి. పేరు దిద్దుబాటు దరఖాస్తుతో మేం ఇలా చేస్తే, దాని మీద జరిగిన పని మొత్తం ఇరవై నిమిషాలు కూడా లేదు. కానీ చేతికి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఒక్క అక్షరానికి పై అధికారి సంతకం దేనికని గుమాస్తాని అడిగాను. "నేను దిద్దితే రేపు ఆడిట్‌లో నన్నే అడుగుతారు కదా సార్" అంది. ఆమె భయం నిజమైనదే. ఇలాంటప్పుడు "నువ్వే చూసుకో" అని నోటిమాటగా అంటే ఎవరూ చూసుకోరు. చట్టం ఒప్పుకునే మేరకు అధికారాన్ని కాగితం మీద ఇవ్వాలి. మేం ఒక పేజీ రాశాం. ఆసుపత్రి రికార్డుతో సరిపోయే అక్షరదోషం, ఇంటి నంబరులో తారుమారైన అంకె లాంటివి కౌంటర్‌లోనే, అదే రోజు. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు మార్చాలంటే మాత్రం పైకి రావాల్సిందే. అన్నిటికంటే కింద ఒక వాక్యం: ఈ పరిధిలో రికార్డు చూసి చేసిన పనిలో పొరపాటు దొర్లితే బాధ్యత ఆఫీసుది. దాని కింద అధికారి సంతకం, తేదీ. ఆ వాక్యం లేకపోతే మిగతా పేజీ చిత్తుకాగితమే. అదుపు కావాలంటే నెలకోసారి దిద్దినవాటిలో ఓ పది తీసి సరిచూడండి.

రెండు నెలలకి ఒక తప్పు బయటపడింది. నేనేం చేస్తానా అని ఆఫీసంతా చూస్తోంది. గుమాస్తాని పిలిచి, ఇద్దరం కూర్చుని దిద్దాం, ఆ పేజీలో ఒక మాట చేర్చాం. మెమో ఇచ్చుంటే ఆ రోజు నుంచి ప్రతి కాగితమూ మళ్లీ నా బల్ల మీదికే వచ్చేది.

ఇక బయట తిరిగే సిబ్బంది. ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది ప్రాణం. మ్యాన్‌హోల్‌లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. గాఢత పెరిగితే ముక్కు మొద్దుబారిపోతుంది, వాసనే తెలియదు. "వాసన పోయింది, దిగొచ్చు" అనుకున్నవాడు అప్పుడే చచ్చిపోతాడు. గాలికంటే బరువు కాబట్టి అది అడుగునే ఉంటుంది. పడిపోయినవాణ్ని లాగడానికి దిగిన రెండోవాడూ, మూడోవాడూ అలాగే పోతుంటారు. కాబట్టి మనిషిని దింపకుండా యంత్రంతో చేయించండి. వేరే దారే లేదంటే గ్యాస్ మీటరు, గాలి కొట్టే బ్లోయరు, ఒంటికి కట్టే హార్నెస్, పైకి లాగే స్టాండు, శిక్షణ పొందిన మనుషులు ఉండాలి. ఏం జరిగినా లోపలికి దిగకుండా పైనుంచే లాగాల్సిన మనిషి ఒకడు ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ రోజు మూత తీయొద్దు. జనం అరుస్తారు, అరవనివ్వండి.

ఎండలో పనికి వేళలు మార్చడం అందరికీ తెలిసిందే. తెలియనిది కొత్తగా చేరినవాళ్ల సంగతి. ఎండకి శరీరం అలవాటు పడాలి. అమెరికాలో వృత్తి ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ, కొత్తవాళ్లకి మొదటి రోజు ఎండపని 20 శాతానికి మించకుండా ఇచ్చి, రోజుకి మరో 20 శాతం చొప్పున పెంచమంటుంది. పదిహేను ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్లు తాగాలి. ఆ నీళ్లు పనిచేసే చోటికే వెళ్లాలి, డిపోలో ఉంటే లాభం లేదు.

వాన వస్తే మీ పారిశుద్ధ్య సిబ్బంది ఎక్కడ నిలబడతారో కూడా కనుక్కోండి. 1968 ఫిబ్రవరి 1న అమెరికాలోని మెంఫిస్ నగరంలో ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు కార్మికులు వాన పడుతుంటే చెత్త లారీ వెనక భాగంలో తలదాచుకున్నారు. చెత్తని నొక్కే యంత్రం ఉన్నట్టుండి కదిలి ఇద్దర్నీ నలిపేసింది. పాత లారీల గురించి కార్మికులు అంతకుముందు నుంచీ మొత్తుకుంటున్నారు. పది రోజులు దాటగానే వెయ్యిమందికి పైగా సమ్మెకి దిగారు. వాళ్లు పట్టుకున్న అట్టల మీద "నేను మనిషిని" అని రాసుంది. ఊళ్లో చెత్త ఎత్తే పని రెండు నెలలకి పైగా అస్తవ్యస్తమైంది. లారీల మీద ఫిర్యాదుల ఫైలు ఎవరి బల్ల మీద పడుందో అని గుమాస్తాగా పనిచేసిన నాకు అనిపిస్తుంటుంది.

కౌంటర్ దగ్గర ఎవరైనా బూతులు తిడితే మేనేజరు బయటికి రావాలి. సిబ్బందిని అందరి ముందు కసిరి అవతలి మనిషిని చల్లార్చడం తేలిక. నేనూ చేశాను. ఆ తర్వాత ఆ గుమాస్తా నెల్లాళ్లు నా మొహం చూడలేదు. తిట్లు తిన్న మనిషిని కాసేపు లోపలికి పంపి, ఆ కుర్చీలో మీరు కూర్చోండి. తప్పు మనదైతే క్షమాపణ మీరే చెప్పండి. నిజానికి గొడవల్లో సగం "ఇంకో కాగితం కావాలి" దగ్గర మొదలవుతాయి. ఏ పనికి ఏ కాగితాలో పెద్ద అక్షరాలతో గుమ్మం బయటే రాయించండి.

ఇప్పుడు యాప్, ఫోన్ నంబర్ల సంగతి. అమెరికాలోని బాల్టిమోర్ నగరం 1996లో, పోలీసులకి వచ్చే అత్యవసరం కాని ఫోన్ల కోసం 311 అని ఒక నంబరు పెట్టింది. తర్వాత నగర సేవల మీద ఫిర్యాదులన్నిటికీ అదే నంబరైంది. ఆలోచన మంచిదే, చాలా నగరాలు తీసుకున్నాయి. కానీ ఫోన్ ఎత్తే మనిషికి పని చేయించే దారి లేకపోతే, తిట్లు తినడానికి ఒక కొత్త ఉద్యోగం సృష్టించినట్టే. ఇంకో ప్రమాదముంది. ఎన్ని ఫిర్యాదులు మూశారనే లెక్కతో సిబ్బందిని కొలిస్తే, ఫిర్యాదులు మూసుకుపోతాయి, దీపాలు మాత్రం వెలగవు. మా దగ్గర ఒకే వీధి దీపం మీద నాలుగు ఫిర్యాదులు "పరిష్కారమైంది" అని నమోదయ్యాయి. ఫిర్యాదు ఇచ్చినవాళ్లు అవునంటేనే మూయాలని నియమం పెట్టాక, మూసిన లెక్క పడిపోయింది. పైనుంచి అక్షింతలు పడ్డాయి. భరించాను.

జీతాలు, ముఖ్యంగా కాంట్రాక్టు సిబ్బందివి, అనుకున్న తేదీకి పడాలి. దీని మీద వ్యాసం రాయాల్సిన పని లేదు.

చివరగా, రిటైరవబోతున్నవాళ్ల జాబితా తీయండి. మా నీటి సరఫరా ఫిట్టరు దిగిపోయే ఏడాది, ప్రతి శుక్రవారం ఇద్దరు కుర్రాళ్లని ఇచ్చి ఆయనతో నడిపించాం. ఒక్కో వాల్వు దగ్గర ఆగి, ఏ వీధులకి నీళ్లు కడుతుంది, ఎటు తిప్పాలి, ఎన్ని చుట్లు అన్నీ రాయించాం. ఒక చోట ఆయన ఆగి, రోడ్డు మీద కాలితో తట్టి, "ఇక్కడుంది" అన్నాడు. ఏమీ కనపడలేదు. కొత్త రోడ్డు వేసినప్పుడు వాల్వు మూత మీద తారు పోసేశారు. కుర్రాళ్లు సుద్దముక్కతో అక్కడ గుండ్రంగా గీశారు. తర్వాతి వారం తవ్వితే జానెడు లోతులో తగిలింది.