ఇంజిన్ ట్యూనింగ్ స్వయంబోధిని – నాలుగవ పాఠం: మానిఫోల్డ్ గాలిని ఎంత సమానంగా పంచుతోంది?

గత పాఠంలో ఫ్లో బెంచ్‌ను (ఇంజిన్ భాగాల గుండా ఎంత గాలి పోతుందో కొలిచే యంత్రాన్ని) లీకులు లేకుండా సిద్ధం చేసుకోవడం నేర్చుకున్నాం. ఇప్పుడు అదే బెంచ్ మీద రెండు ఆఫ్టర్‌మార్కెట్ (కారు కంపెనీ కాక బయటివారు చేసిన) ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లను (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల అమరికలను) పరీక్షించి, నాలుగు సిలిండర్లకూ గాలిని వాటిలో ఏది సమానంగా పంచుతుందో తేల్చుకుందాం. మొత్తం ఎంత గాలి పోతుందో అమ్మేవారు గొప్పగా చెబుతారు గానీ, ఎంత సమానంగా పోతుందో సాధారణంగా చెప్పరు. కొనేవారు ముందుగా అడగవలసింది ఈ రెండవ సంగతే.

థ్రాటిల్ బాడీ (లోపలికి వచ్చే గాలిని అదుపు చేసే ద్వారం) ఒక కొసన ఉండే మానిఫోల్డ్‌ను తీసుకోండి. మన కె.సి. (కర్నూలు–కడప) కాలువ కింద చివరి ఆయకట్టుకు నీరందదన్నది రైతుల పాత మొర. ఇక్కడ తరచుగా జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. ప్లీనమ్‌లోకి (మానిఫోల్డ్‌లో గాలి ముందుగా చేరే గదిలోకి) వేగంగా దూసుకొచ్చిన గాలి మొదటి రన్నర్ (అక్కడి నుంచి ఒక్కొక్క సిలిండర్‌కు పోయే గొట్టం) వైపు వెంటనే మలుపు తిరగలేక ముందుకు సాగిపోతుంది, అవతలి కొసన వేగం తగ్గి అక్కడ పీడనం పెరుగుతుంది, అందువల్ల దూరపు రన్నర్లకే ఎక్కువ గాలి దక్కే అవకాశం ఉంటుంది. సన్నని తీగ కొసకు పత్తి దారం కట్టి మొదటి రన్నర్ మూతి దగ్గర పెట్టి చూడండి: థ్రాటిల్ వైపు అంచున దారం నిలకడగా లోపలికి సాగకుండా వెనక్కి మడతపడి కొట్టుకుంటూ ఉంటే, ఆ అంచు దగ్గర గాలి గోడను విడిచిపోతోందని అర్థం. రన్నర్ మూతికి తగినంత గుండ్రదనం ఉంటే ఈ దోషం చాలావరకు తగ్గుతుంది.

కొలత విషయంలో తొందరపడకూడదు. ముందుగా మానిఫోల్డ్ లేకుండా సిలిండర్ హెడ్‌ను మాత్రమే పెట్టి, ప్రతి పోర్టు (హెడ్‌లో గాలి పోయే దారి) దగ్గరా వాల్వ్‌ను డయల్ గేజ్‌తో ఒకే లిఫ్ట్‌కు (ఎత్తుకు) తెరిచి, నాలుగు రీడింగులూ రాసుకోవాలి. హెడ్‌లోనే ఉన్న తేడాను మానిఫోల్డ్ మీదికి నెట్టడం అన్యాయం. ఆ తరువాత మానిఫోల్డ్ బిగించి, మిగిలిన మూడు సిలిండర్ల వాల్వులు మూసి ఉండగా, ఒక్కొక్క సిలిండర్‌నే కొలవాలి. గాస్కెట్ అంచు పోర్టులోకి ఒక మిల్లీమీటరు పొడుచుకువచ్చినా ఆ రన్నర్ రీడింగు తప్పుదారి పట్టించవచ్చు కాబట్టి, బిగించే ముందు ప్రతి పోర్టులోనూ వేలు పెట్టి తడిమి చూడండి. థ్రాటిల్ మూతి చుట్టూ క్లేతో గుండ్రని అంచు కట్టండి. బెంచ్ మోటార్లు 28 అంగుళాల నీటి పీడన భేదాన్ని లాగలేకపోతే 10 అంగుళాల వద్దే కొలవవచ్చు. 28కి మార్చడానికి రీడింగును 1.67తో గుణించాలి గానీ, రన్నర్ల మధ్య శాతం చూడడానికి ఆ మార్పు అవసరం లేదు.

నాలుగవ సిలిండర్ అయ్యాక మళ్లీ మొదటిదాన్ని కొలవండి. దీన్ని చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో మాత్రం పాఠం మొత్తానికి ఇదే ప్రాణం. మే నెలలో కర్నూలు రేకుల షెడ్డులో ఉదయం 30 డిగ్రీలున్న వేడి మధ్యాహ్నానికి 42కు చేరితే, హాట్‌వైర్ సెన్సార్‌తో (వేడి తీగ సాయంతో గాలి ద్రవ్యరాశిని కొలిచే పరికరంతో) కొలిచే బెంచ్‌లో రీడింగు దాదాపు 2 శాతం తగ్గుతుంది. మొదటి సిలిండర్ రెండు రీడింగుల మధ్య ఎంత తేడా వచ్చిందో, అంతకన్నా చిన్న తేడాలను మానిఫోల్డ్‌కు అంటగట్టరాదు.

లెక్క నేర్చుకోవడానికి ఊహాత్మకమైన అంకెలు తీసుకుందాం. హెడ్ పోర్టులు నాలుగూ సమానంగా ఉన్నాయనుకోండి. మొదటి మానిఫోల్డ్‌లో వరుసగా 118, 124, 125, 121 సి.ఎఫ్.ఎం. (నిమిషానికి ఘనపుటడుగులు) వచ్చాయి, సగటు 122, హెచ్చుతగ్గుల తేడా 7, అంటే సగటులో 5.7 శాతం. రెండవదానిలో 114, 115, 116, 115 వచ్చాయి. సగటు 115, తేడా 1.7 శాతం మాత్రమే. నాలుగు ఇంజెక్టర్లూ ఒకే పరిమాణంలో ఇంధనం చల్లుతూ, గాలి–ఇంధన నిష్పత్తి సగటున 12.5 ఉండేలా ట్యూన్ చేస్తే, బెంచ్ మీది పంపకమే ఇంజిన్‌లోనూ ఉందనుకున్నప్పుడు, మొదటి మానిఫోల్డ్ కింద ఒకటవ సిలిండర్ 12.1 వద్ద, మూడవది 12.8 వద్ద నడుస్తాయి. ఎగ్జాస్ట్ గొట్టాలు కలిసే చోట ఉన్న ఒక్క లాంబ్డా సెన్సార్‌కు (పొగలోని ఆక్సిజన్‌ను బట్టి గాలి–ఇంధన నిష్పత్తిని చూసేదానికి) ఈ తేడా కనిపించదు, దానికి తెలిసేది సగటే. టర్బో ఇంజిన్‌లో ముందుగా నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి దానంతటదే మండిపోవడం) మొదలయ్యే ప్రమాదం, గాలితో పోలిస్తే ఇంధనం తక్కువ పడే ఆ మూడవ సిలిండర్‌కే ఎక్కువ. దాన్ని కాపాడటానికి ఇగ్నిషన్ టైమింగ్‌ను అన్నిటికీ తగ్గిస్తే, ఎక్కువ గాలి ఇచ్చిన లాభంలో కొంత అక్కడే పోతుంది. సిలిండర్‌వారీగా ఇంధనం సరిదిద్దే వీలు ఇ.సి.యు.లో (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌లో) లేని కారుకు నేనైతే రెండవ మానిఫోల్డ్‌నే ఎంచుకుంటాను.

అయితే బెంచ్ మీద గాలి ఆగకుండా ఒకే ధారగా ప్రవహిస్తుంది. నడిచే ఇంజిన్‌లో వాల్వులు 1–3–4–2 క్రమంలో తెరుచుకుని మూసుకుంటూ, ప్లీనమ్‌లో పీడన తరంగాలు లేపుతాయి. అందువల్ల బెంచ్‌లో సమానంగా కనిపించినది అన్ని ఆర్.పి.ఎం.ల వద్దా అలాగే ఉంటుందని చెప్పలేం. ఒక్కొక్క సిలిండర్ ఎగ్జాస్ట్ వేడిని కొలిచి ఈ ఫలితాన్ని సరిచూడడం వచ్చే పాఠంలో నేర్చుకుందాం. అప్పటిలోగా మీ దగ్గరున్న కంపెనీ మానిఫోల్డ్‌ను ఇదే పద్ధతిలో ఒకే పూటలో కొలిచి, హెడ్ రీడింగులనూ మానిఫోల్డ్ రీడింగులనూ పక్కపక్కన రాసి, ప్రతి రన్నర్ దగ్గర ఎంత శాతం గాలి తగ్గిందో లెక్కకట్టి ఉంచుకోండి.